తేదీ లేని తొట్టి

మా పెరట్లో ప్రతి తొట్టికీ ఒక తేదీ ఉంటుంది. ఏళ్ల తరబడి బడిలో హాజరు పట్టీలు రాసిన చెయ్యి కదా, రిటైరయ్యాక కూడా ఊరుకోదు. పాత బ్రష్షు, తెల్ల పెయింటు పట్టుకుని టమాట నారు పెట్టిన రోజు, చిక్కుడు గింజ గుచ్చిన రోజు, అన్నీ తొట్టి అంచు మీద రాసేస్తాను. కాపు అయిపోయాక చెరిపి మళ్లీ కొత్త తేదీ. కొత్తిమీర తొట్టి మీదైతే పెయింటు పొరలు పొరలుగా పేరుకుపోయింది. ధనియాలు అరచేత్తో నలిపి చల్లడం, నాలుగాకులు రాగానే తెంపడం, తెల్లపూత కనబడితే ఇక ఆ తరం ముగిసినట్టే. పుదీన తొట్టి అంచు మాత్రం ఖాళీ. మరిచిపోయి కాదు. బ్రష్షు పట్టుకుని దాని ముందు కూర్చుని, ఏం రాయాలో తోచక లేచి వచ్చేశాను. కొమ్మ గుచ్చిన రోజు రాద్దామంటే, ఆ కొమ్మ అప్పటికే ఒక మొక్క. అది ఎవరింటి నుంచి వచ్చిందో ఆ ఇంట్లో నాటిన రోజు రాద్దామంటే, వాళ్లకూ అది ఎవరో ఇచ్చిన కొమ్మే. పని లేని మనిషి చాదస్తం అనుకోండి, నేనూ అలాగే అనుకున్నాను. కానీ పొద్దున నీళ్లు పోసేటప్పుడు ఆ ఖాళీ అంచు కంటికి తగులుతూనే ఉంది.

నేను కోడలిగా కేసముద్రం వచ్చేనాటికే ఈ పెరట్లో పుదీన ఉంది. గోలెం, పక్కన బోళ్లు తోమే బండ, ఆ నీళ్లు పారే చిన్న కాలువ, ఆ కాలువ గట్టున మోకాలెత్తు కూడా లేని పచ్చని గుబురు. దానికని ఎవరూ చెంబెడు నీళ్లు పోసేవారు కాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, వాన నీళ్లు, ఏవి వస్తే అవి తాగేది. ఇంటి ముందు తులసికి మాత్రం గద్దె, పొద్దున్నే నీళ్లు, పసుపు కుంకుమ, సాయంత్రం దీపం. ఈ రెండూ ఒకే కుటుంబం మొక్కలని పిల్లలకు పాఠం చెప్పేందుకు పుస్తకం తిరగేస్తున్నప్పుడు తెలిసి నవ్వొచ్చింది. నమ్మకపోతే రెండింటి కాడలూ వేళ్ల మధ్య తిప్పి చూడండి, గుండ్రంగా ఉండవు, నాలుగు పలకలుగా తగులుతాయి. ఆకులు జంటలు జంటలుగా, ఒక జంటకు అడ్డంగా ఇంకో జంట. సంబరంగా వెళ్లి అత్తమ్మకు చెబితే, ఆమె చాట దించకుండానే, "అయితే ఏంది, అక్కచెల్లెండ్లకు ఒక్క తీరు సంబంధాలు దొరుకుతయా?" అన్నది.

కాలువ గట్టుదే అయినా దాని దగ్గరికి వచ్చినంత మంది గద్దె దగ్గరికి రాలేదు. సాయంత్రం పూట గోడ అవతలి నుంచి, "అమ్మా, గింత పుదీన ఉంటే ఇయ్యరాదు" అని ఎవరో ఒకరు. ఎవరింట్లోనో దావత్, బగార అన్నం వండాలి, మటన్ అప్పటికే పొయ్యి మీద ఉడుకుతున్నది. బగారకు బియ్యం తక్కువైతే సర్దుకుంటారు గానీ పుదీన లేకపోతే గిన్నె మూత తీసినప్పుడు ఏదో వెలితి. నూనెలో షాజీరా, లవంగం, చెక్క, ఉల్లిగడ్డ వేగాక పుదీన పడగానే లేచే ఆ వాసన వాడ మొత్తానికీ దావత్ సంగతి చెప్పేస్తుంది. మనీ ప్లాంటును దొంగతనంగా తెచ్చుకుంటేనే బాగా పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది కదా, పుదీన విషయంలో అలాంటి మాట ఎవరూ అనరు. దాన్ని దొంగిలించాల్సిన అవసరం ఏనాడూ రాలేదు గనుకేమో. అడగడం, ఇవ్వడం, అంతే. తీసుకెళ్లినవాళ్లు ఆకు తుంచి గిన్నెలో వేసుకుని, కాడలు పారేయడం ఎందుకని తమ పెరట్లో తడిగా ఉన్నచోట గుచ్చేవాళ్లు. కొన్నాళ్లకు మా గోడకు అటూ ఇటూ, వీధి చివర దాకా, అదే పుదీన.

అదే పుదీన అని రాశాను గానీ, ఈ 'అదే' దగ్గరే నాకు చిక్కు పడింది. చింతచెట్టు గింజ నాటితే లేచేది ఆ చెట్టు బిడ్డ. పుదీనకు ఆ వరస కుదరదు. లేత ఊదా రంగులో చిన్న పూలు పూస్తుంది, నిజమే, కానీ పుదీన గింజలు దాచుకున్న ఇల్లు మా ఊళ్లో నేనొక్కటీ చూడలేదు. దాచినా లాభం తక్కువ. పుదీన జాతులు ఒకదానితో ఒకటి ఇట్టే సంకరమవుతాయి, గింజ నుంచి వచ్చే మొక్కకు తల్లి వాసనే ఉంటుందన్న భరోసా లేదు. పెప్పర్‌మింట్ అనేదే నీటి పుదీనకూ, మనం పచ్చళ్లలో వాడే స్పియర్‌మింట్ జాతికీ పుట్టిన సంకరం. దానికి మొలకెత్తే గింజే కట్టదు. ప్రపంచంలో ఎక్కడ అది కనబడినా ఎవరో ఒకరు కొమ్మగానో వేరుగానో అక్కడికి మోసుకెళ్లారన్నమాట. మా వీధిలోనూ జరిగింది అదే. నేలకు ఒరిగిన కాడ కణుపు దగ్గర వేళ్లు దించుతుంది, మట్టి లోపల తెల్లటి తీగలు పాకించి జానెడు దూరంలో మళ్లీ తల ఎత్తుతుంది. ఆ తీగను కత్తితో కోసి పక్కింటికి ఇస్తే, ఇచ్చింది పిల్లనా, మొక్కనేనా? మొక్కనే. అదే ఒళ్లు, ఇంకో పెరడు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడటానికి బడి పిల్లలను తీసుకెళ్లినప్పుడు వాళ్లంతా మొదలు ఎక్కడని వెతికారు. ఊడలే మానులై, ఏది తల్లో ఏది పిల్లో తెలియనంతగా అల్లుకుపోయిన చెట్టది. 2018లో దానికి చెద పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు, పేపర్లలో ఫొటోలు కూడా వచ్చాయి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు గిన్నిస్ పుస్తకంలో చోటుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో పాండో అని ఆస్పెన్ చెట్ల వనం ఒకటి ఉంది. దాదాపు 43 హెక్టార్లలో సుమారు 47 వేల మానులు, అడుగున వేరు ఒక్కటే కనుక ఆ అడవంతా ఒక్క చెట్టేనంటారు. వాటన్నిటినీ చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వెళ్తారు. మా వీధి పుదీనను కూడా ఆ లెక్కన కొలవగూడదా అని నాకొక కొంటె ఆలోచన. కాదంటే, మధ్యలో వేరు తెగింది కదా అంటారు. తెగితే వేరైపోయినట్టేనా? మర్రి ఊడను మాను నుంచి నరికితే ఆ ఊడ మరో చెట్టవుతుందా, అదే చెట్టు ముక్కగా ఉంటుందా? శాస్త్రం తెలిసినవాళ్లు జన్యువులు ఒకటే కదా అని తేల్చేస్తారు. పెరడు గలవాళ్లకు అంత తేలిగ్గా తేలదు.

ఈ ఊరు విత్తనం మీద బతికే ఊరు గనుక కూడా నాకీ ప్రశ్న తగులుకుని ఉండొచ్చు. కేసముద్రం అంటే చాలామందికి వ్యవసాయ మార్కెట్టు, మక్కలు, వడ్లు, పసుపు, మిర్చి. మార్కెట్టు సీజనులో రోడ్డు మీద నడిస్తే ఘాటుకు తుమ్ములు వస్తాయి. ఆ మిర్చి రైతు ఏటా కొత్తగా విత్తనం కొనాల్సిందే. పది గ్రాముల పొట్లానికి వందల రూపాయలు. సంకర విత్తనం కాబట్టి ఈ ఏటి కాయలోంచి గింజ తీసి వచ్చే ఏడు వేద్దామంటే ఆ లక్షణం నిలవదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలోకి దిగి మానుకోట, వరంగల్ చుట్టుపక్కల తోటలను ఊడ్చేసినప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లలే, ఇప్పుడు రైతులు, చేలు దున్నేయడం చూశాను. పురుగు ఎక్కడి నుంచి వచ్చింది, మందు ఎందుకు పనిచేయలేదు, విత్తనంలో ఏముంది, వాళ్ల మాటలన్నీ వీటి చుట్టే తిరిగేవి. టమాటలాగా బొద్దుగా ఉండే వరంగల్ చపాట మిర్చి సంగతి వేరు. దాని గింజను రైతులు ఇళ్లలో తామే దాచుకుంటూ నిలబెట్టారు. మానుకోట దగ్గరి మల్యాల ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు కూడా పూనుకోగా 2025లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అది చదివిన రోజు పుదీన వైపు చూశాను. దీనికి గుర్తింపు ఎవరు అడుగుతారు? ఏ ఊరిదని చెప్పుకుంటుంది?

ఇక్కడ కొంచెం తగ్గాలి. అడిగితే ఇచ్చే మొక్క, కొననక్కరలేని మొక్క అని దాన్ని మరీ పొగుడుతున్నానేమో. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ, బదాయూఁ వైపు పుదీన అంటే పెరటి ముచ్చట కాదు, ఎకరాల కొద్దీ సాగు. అది మన పచ్చడి పుదీన కాదు, మెంథాల్ తీసే జాతి. లక్నోలోని సీమ్యాప్ సంస్థ కోసి, సిమ్-క్రాంతి లాంటి రకాలను తయారుచేసి రైతులకిస్తుంది. వేసవిలో పంట కోసి, పొలం గట్టునే బట్టీ పెట్టి, ఆవిరి పట్టి నూనె తీస్తారు. ఆ నూనె ధర సరుకుల మార్కెట్టు ఎంసీఎక్స్‌లో పైకీ కిందికీ ఊగుతుంటే, మన రైతు మిర్చి ధర కోసం ఖమ్మం, వరంగల్ వైపు చూసినట్టే అక్కడి రైతు దానివైపు చూస్తాడు. మనం తలకు రాసుకునే అమృతాంజనంలో, చిన్నప్పుడు జలుబు చేస్తే ఒక చుక్క చాయ్‌లో వేసి తాగించిన జిందా తిలిస్మాత్‌లో ఉండేది ఆ మెంథాలే. మొదటిది కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టినది, రెండోది 1920లో హైదరాబాదులో పుట్టినది. ముద్దకర్పూరం, వాము పువ్వు, పుదీన పువ్వు అనే ఆ మెంథాల్ ఒక సీసాలో వేస్తే వాటంతటవే కరిగి నీరైపోవడం అత్తమ్మ దగ్గరే మొదట చూశాను. దాన్ని అమృతధార అనేది. మెంథాల్ నిజానికి చల్లబరచదు, మన నరాల్లో చల్లదనాన్ని పసిగట్టే ద్వారం ఒకటుంటే దాన్ని తట్టి తెరుస్తుందట. 2002లో ఆ సంగతి కనిపెట్టిన వాళ్లలో డేవిడ్ జూలియస్‌, ఆర్డెమ్ పటపూటియన్‌ ఉన్నారు. స్పర్శ గురించి, వేడి చల్లదనాల గురించి వాళ్లు చేసిన పనికి 2021లో నోబెల్ వచ్చింది. జూలియస్ అంతకుముందు మిరపకాయ మంటకు కారణమైన ద్వారాన్ని పట్టుకున్నాడు. అంటే మా మార్కెట్టూ మా పెరడూ కలిసి నోబెల్ తెచ్చుకున్నాయన్నమాట, ఈ మాట మా మరిదితో అంటే ఆయనేమీ నవ్వలేదు.

మన వంటింటి పుదీనలో మెంథాల్ చాలా తక్కువ. దాని వాసన కార్వోన్ అనే పదార్థానిది. ఆకు అడుగున కంటికి ఆనని బుడిపెల్లో నూనె దాగి ఉంటుంది, వేలు తగిలితే పగులుతుంది. పురుగులను దూరం పెట్టడానికి మొక్క చేసుకున్న ఏర్పాటది, మనకేమో నోరూరుతుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, షాజీరా పేరుతో అమ్మే గింజల్లో కారవే అనే జాతి ఒకటుంది, దాని వాసనా కార్వోన్‌దే. అవే పరమాణువులు, అదే పొందిక, కాకపోతే అద్దంలో కనబడే రూపంలాగా తిరగబడి ఉంటుంది. ఆ ఒక్క తేడాకే ముక్కు దీన్ని పుదీన అంటుంది, దాన్ని షాజీరా అంటుంది. బగార గిన్నెలో రెండూ పక్కపక్కన ఉడుకుతూ ఉంటాయి. ఇది చదివాక నా 'అదే పుదీన' మీద నాకే అనుమానం మొదలైంది. తేడా ఇంత సన్నగా ఉండి కూడా వేరే వాసన అయిపోతుంటే, ఒకటే మొక్క పది పెరళ్లలో ఒకటే అని ఎలా అంటాం? మా అమ్మాయి హైదరాబాదులో ఆరో అంతస్తు బాల్కనీలో పెట్టుకున్నది ఇక్కడి కొమ్మే. ఆకు సన్నగా, కాడ పొడుగ్గా సాగింది. పచ్చడి చేస్తే రంగు ఉంది గానీ నాలుక మీద నిలవలేదు. ఎండ చాలలేదంటాను నేను, నీళ్లలో క్లోరిన్ అంటుంది అది. ఒక మనిషే బతుకంతా వేర్వేరు ఊళ్లలో బతికితే ఒకడుగా మిగలడు కదా, మొక్కనెందుకు నిలదీయడం?

పైగా ఒకటే కావడంలో ప్రమాదం ఉంది. తుప్పు తెగులు వచ్చిందంటే ఆకు అడుగున ఇటుక రంగు పొడి లేస్తుంది, తట్టుకునే గుణం ఒకదానికి లేకపోతే ఏ ఒక్కదానికీ ఉండదు. ఆ పైన పుదీన పెట్టినచోట నిలిచే రకం కాదు. రెండు మూడేళ్లు చూడండి, గుబురు నడిమధ్య పుల్లలు మిగిలి బోడిగా అవుతుంది, పచ్చదనమంతా అంచులకు జరిగిపోతుంది. పాత మట్టిని వదిలి కొత్త మట్టి వెతుక్కుంటూ పోతుంది. మా వీధిలోనూ నడుమ ఇళ్లకు తాళాలున్నాయి, సందడంతా రైలెక్కి పోయింది. ఈ పోలిక నాకు నచ్చలేదు, తీసేద్దామనుకున్నాను. ఉండనీ.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు ఒకటిన కురిసిన వాన సంగతి ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఇంటికన్నెకూ కేసముద్రానికీ మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి, పట్టాలు కింద కంకర లేకుండా గాలిలో వేలాడాయి. కాజీపేట, విజయవాడ మధ్య రైళ్లు ఆగిపోయాయి. రైల్వే వాళ్లు రాత్రీ పగలూ పనిచేసి కొన్ని రోజుల్లోనే దారి నిలబెట్టారు. అంతటి నష్టాల ముందు పెరట్లో పుదీన పోయిందని చెప్పుకోవడం సిగ్గుగానే ఉంటుంది. కాలువ పొంగి గట్టు మీద ఒండ్రు పేరుకుంది, నీరు దిగాక చూస్తే కాడలన్నీ నల్లబడి మెత్తబడ్డాయి. తడిని ఇష్టపడే మొక్కే గానీ వేరుకు ఊపిరాడకపోతే దానికీ చావే. గడ్డపారతో తిరగేస్తే ఒక్క తెల్ల తీగ దొరకలేదు. అత్తమ్మ పోయి చాలా కాలమైంది, ఆమె గుబురు అలా ముగిసిందనుకున్నాను. నెల గడిచాక, మెరక మీదుండే వీధిలో ఒకామె దారిలో కలిసి, మాటల్లో విని, మర్నాడు తడి గుడ్డలో చుట్టి గుప్పెడు కొమ్మలు తెచ్చిచ్చింది. ఎప్పుడో అత్తమ్మ ఇచ్చినవాటివే. "మీదే గదా టీచరమ్మా" అన్నది. ఆమె ఇచ్చింది దానమా, బాకీ తీర్చిందా? నాకు దక్కింది కొత్త మొక్కా, పాతదేనా? రెండు వీధుల అవతల ఇన్నేళ్లుగా బతుకుతున్న దాన్ని నేను పోయిందని ఏడ్చుకున్నానా?

ఆ కొమ్మలే ఈ తొట్టిలో ఉన్నవి. ఇప్పుడు కాలువ గట్టును నమ్మడం లేదు. అంచు విరిగిన పాత సిమెంటు తొట్టి తీసుకున్నాను, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. పుదీనకు లోతుతో పని లేదు, పాకడానికి జాగ కావాలి. ఎర్రమట్టి, చివికిన పేడ ఎరువు, కొంచెం ఇసుక, అడుగున నీళ్లు దిగే కన్నాలు. జామచెట్టు కింద పొద్దుటెండ తగిలి మధ్యాహ్నానికి నీడ పడేచోట పెట్టాను. మేలో మా ఊరి ఎండకు అది మాడి పుల్లలు తేలుతుంది, కంగారు పడి పీకేయకుండా తడి ఆరనివ్వకపోతే తొలకరికి మళ్లీ లేస్తుంది. ఆకులు ఒక్కొక్కటీ గిల్లడం కంటే కొసలు తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. పూత కనబడితే కత్తిరించడమే, లేదంటే ఆకు వాసన పలచబడుతుంది. బజారు కట్టతో కూడా మొదలుపెట్టుకోవచ్చు, ముదురు కాడ ఎంచి, కింది ఆకులు దూసేసి గ్లాసు నీళ్లలో నిలబెడితే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. ఆ కట్ట ఏ పొలానిదో, ఆ పొలం మొక్క ఎక్కడిదో అడగకండి, నాలాగే అయిపోతారు.

మా పక్క పోర్షన్‌లో ఇప్పుడు బీహార్ కుటుంబం ఒకటి అద్దెకుంటోంది. ఆయనకు రైస్ మిల్లులో పని. ఆమెకు తెలుగు రాదు, నా హిందీ బడి హిందీ. మొదటిసారి తొట్టి వైపు చూపించి "పుదీనా?" అన్నది, అంతే, అక్కడి నుంచి మాటలు కలిశాయి. తీసుకెళ్లిన కొమ్మలను నూనె డబ్బా కోసి అందులో గుచ్చుకుంది. పండక్కి ఊరెళ్లేటప్పుడు తడి కాగితంలో చుట్టి రెండు కొమ్మలు సంచిలో పెట్టుకోవడం చూశాను. అక్కడ లేకనా, తెలియదు, అడగలేదు. ఆమె చట్నీ పచ్చిమామిడి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పుదీన, ఉప్పు వేసి పచ్చివే నూరుతుంది, పైన ఆవనూనె చుక్క. మనం ఆకు నూనెలో మగ్గించి, వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, చింతపండుతో రోట్లో దంచి, ఆ మీద పోపు పెడతాం. నా పచ్చడి తిన్న రోజు ఆమె వేలు నాకి, బాగుంది గానీ ఆకును ఎందుకు చంపుతారు అన్నది. వేయించకపోతే పసరు వాసన కదా అన్నాను. ఆ పసరే కదా పుదీన అన్నది. పోపైనా పెట్టకుండా పచ్చడిని ఎలా వదిలేస్తావని నేను, నూనె మళ్లీ ఎందుకని ఆమె. నిన్న కూడా గోడ దగ్గర ఇదే పేచీ. ఆమె కొడుకు, ఇక్కడి బడిలోనే చదువుతున్నాడు, మా మాటలు ఇటువి అటూ అటువి ఇటూ చెప్పీ చెప్పీ విసిగి, "నాకు టమాట సాసు చాలు" అని చక్కటి తెలుగులో చెప్పి ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.